షుగరు ఉందని తెలిసిన తరువాత - పాడి రైతుకు ఒక పాఠం



పొదుగువాపు వస్తే ఏం చేయాలో, గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలో, ఈనిన గేదెకు దాణా ఎంత పెట్టాలో మనకు కంఠతా వచ్చు. గేదె ఒక పూట మేత ముట్టకపోతే పశువైద్యుని కోసం పరుగెత్తుతాం. ఆ గేదెను పోషించే మనిషి ఆరోగ్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం "చూద్దాంలే" అంటాం. అందుచేత ఈసారి పాఠం పశువు గురించి కాదు, పాడి రైతు గురించి.

నలభై, యాభై ఏళ్ళు వచ్చిన తరువాత, కంటి పరీక్షకో, మానని పుండుకో, మరో పనిమీదో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరు "మీకు షుగరు ఉంది" అని చెబుతారు. ఆ రోజు నుండి జీవితాన్ని ఎలా సర్దుకోవాలి? ఈ ప్రశ్న మన సంఘాలలో చాలామందికి ఎదురవుతున్నది కనుక దీనిని వివరంగా చర్చిద్దాం.

ఇది ఒక్కరి సంగతి కాదు

ఉభయ గోదావరి జిల్లాలలోని 20 గ్రామాలలో, 30 ఏళ్ళు దాటినవారికి రక్తపరీక్షలు చేసి, ఆ ఫలితాలను 2006లో ప్రచురించారు. నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. వారిలో సగం మందికి ఆ పరీక్ష జరిగేవరకు తమకు జబ్బు ఉన్నట్లే తెలియదు. మరో 15 మందికి పరగడుపున షుగరు ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉంది. ఇవి పట్నం లెక్కలు కావు, మన కాలువగట్ల వెంట ఉన్న పల్లెల లెక్కలు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది.

కాబట్టి "ఏ పాపం చేశానని నాకు వచ్చింది?" అని కుమిలిపోనవసరం లేదు. వంశంలో ఉండటం, నడుము చుట్టూ కొవ్వు పెరగటం, ఒళ్ళు వంచే పని తగ్గటం, మూడు పూటలా అన్నమే ప్రధానం కావటం - ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టే జబ్బు ఇది.

లోపల జరిగేదేమిటి?

డెల్టా రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. రక్తం కాలువ అనుకోండి. అందులో పారే చక్కెర నీరు. కండరాలు, ఇతర అవయవాలు చేలు. చేలోకి నీరు పోవాలంటే లస్కరు వచ్చి తూము తెరవాలి. ఆ లస్కరే ఇన్సులిన్. నడివయసులో వచ్చే మధుమేహంలో ముందుగా తూములు బిగుసుకుపోతాయి. లస్కరు ఎంత తిప్పినా సరిగా తెరుచుకోవు. కొన్నేళ్ళకు లస్కరు కూడా అలసిపోతాడు. అప్పుడు కాలువ నిండుగా పారుతున్నా చేను ఎండుతుంది. అందుకే తిన్నా నీరసం. నిండిన కాలువ గట్లను కోసినట్లు, ఎక్కువైన చక్కెర ఏళ్ళ తరబడి రక్తనాళాలను దెబ్బతీస్తుంది. కళ్ళు, మూత్రపిండాలు, కాళ్ళ నరాలు, గుండె నష్టపోతాయి. ఈ కోత చప్పుడు లేకుండా జరుగుతుంది. "నాకేం బాధ లేదుగా" అని మందు మానేసేవారు గ్రహించవలసినది ఇదే.

అంకెలు చదవటం నేర్చుకుందాం

పరగడుపున రక్తంలో షుగరు 100 లోపు ఉంటే మామూలు. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 గాని, ఆపైన గాని ఉంటే మధుమేహం. లక్షణాలేవీ లేనివారికి మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. జబ్బు ఉన్నవారిలో చాలామందికి పరగడుపున 80 - 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంచుకోవాలని వైద్యులు సూచిస్తారు. వయసును, ఇతర జబ్బులను బట్టి ఎవరి గురి ఎంతో వారి డాక్టరు నిర్ణయిస్తారు.

ఒక పూట వెన్నశాతం చూసి గేదె పాడిని మనం తేల్చం. పదిహేను రోజుల బిల్లు చూస్తాం. అలాగే మూడు నెలల సగటును చెప్పే పరీక్ష ఉంది. దాని పేరు హెచ్.బి.ఎ.1.సి. 6.5 శాతం గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహం. చికిత్సలో ఉన్నవారికి సాధారణంగా 7 శాతం దగ్గర ఉండటం గురి. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం తగ్గించి డాక్టరును సంతోషపెట్టవచ్చునేమో గాని ఈ మూడు నెలల లెక్కను మోసగించలేం. పాలలో నీళ్ళు కలిపితే పట్టుబడినట్లే ఇదీ పట్టుబడుతుంది.

అన్నం మానాలా?

మాననవసరం లేదు, కొలత పెట్టుకోవాలి. కంచంలో సగం భాగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, చేప, గుడ్డు వంటివి. మిగిలిన పావు వంతు అన్నం. ముందు కూర, పప్పు కొంత తిని తరువాత అన్నం కలుపుకుంటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. చేపకు మన ప్రాంతంలో కొరత లేదు. అయితే వేపుడుకంటె పులుసు మేలు.

మన మారుటేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణ బియ్యం, అనేక ఇతర రకాలకంటె నెమ్మదిగా షుగరు పెంచుతుందని 2012లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వెల్లడించింది. ఇది సంతోషించదగ్గ విషయమే. కాని స్వర్ణ అన్నమైనా రెట్టింపు తింటే ఫలితం రెట్టింపే. చపాతీ, రాగిసంకటి కూడా పిండిపదార్థాలే. వాటికీ కొలత తప్పదు. బెల్లం, తేనె, తాటిబెల్లం పంచదారకు ప్రత్యామ్నాయం కావు. రోజుకు నాలుగుసార్లు రెండేసి చెంచాల పంచదారతో కాఫీ, టీ తాగేవారు ఎనిమిది చెంచాల పంచదార తింటున్నట్లే. మొదట ఇక్కడ కోత పెట్టండి. సంక్రాంతికి అరిసె ముక్క రుచి చూస్తే కొంప మునగదు. పళ్ళెం దగ్గర పెట్టుకుని కూర్చుంటేనే ప్రమాదం.

పాలు తాగవచ్చునా?

పాలు పోసే మనకు ఈ ప్రశ్న ముఖ్యం. తాగవచ్చు. అయితే లెక్క తెలియాలి. పాలలో సహజంగా లాక్టోజు అనే చక్కెర నూటికి సుమారు 5 పాళ్ళు ఉంటుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 10 గ్రాములు. వెన్న తీసిన పాలలో చక్కెర ఉండదని కొందరి నమ్మకం. అది పొరపాటు. లాక్టోజు ఉండేది ఎస్.ఎన్.ఎఫ్. లో. వెన్న తీస్తే కొవ్వు తగ్గుతుంది గాని చక్కెర అలాగే ఉంటుంది. అయినా వెన్న తగ్గించుకోవటం మంచిదే. 7 శాతం వెన్న ఉన్న గేదెపాలు గ్లాసుడు తాగితే 14 గ్రాముల కొవ్వు ఒంట్లో చేరుతుంది. బరువు తగ్గవలసినవారికి మీగడ తీసిన పాలు, పలుచని మజ్జిగ అనుకూలం. పంచదార వేయని పాలు రోజుకు ఒకటి రెండు గ్లాసులు, భోజనం లెక్కలో కలుపుకుని తీసుకోవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి తీసుకోవాలి.

మేము కష్టపడటం లేదా?

"తెల్లవారుజామున లేచి పాలు పితికి, గడ్డి కోసి తెచ్చేవాళ్ళం, మాకు నడక దేనికి?" అని అడగవచ్చు. మన తండ్రులు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచేవారు. మనం మోటారు సైకిలు మీద తెస్తున్నాం. గడ్డిని యంత్రం ముక్కలు చేస్తున్నది. కష్టం ఉంది గాని ఆగకుండా సాగే కదలిక తగ్గింది.

1895లో మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, కండరం శక్తిని నిలవచేసుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో లోకానికి తెలియజేశారు. పని చేసే కండరానికి శక్తి కావాలి. ఆ శక్తి కోసం అది రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. లస్కరు సాయం అంతగా లేకపోయినా, నడిచే కండరం తన తూము తానే తెరుచుకుంటుంది. అందుకే నడకను మందులతో సమానంగా చెబుతారు. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుకుగా నడవండి. భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు కాలువగట్టు మీద నడిచినా మంచి ఫలితం ఉంటుంది.

హెచ్చరిక దశలో ఉన్నవారు కూడా వినవలసిన మాట: మద్రాసు వైద్యులు 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఆహారం, నడక సరిచేసుకున్నవారిలో మధుమేహంలోకి జారే ముప్పు నూటికి 28 పాళ్ళు తగ్గింది.

మాత్రలు, తెల్లవారుజాము పితుకుడు

మాత్రను తనంతట తాను మానటం, పొరుగువారి మాత్ర వేసుకోవటం రెండూ ప్రమాదమే. కాకరరసం, మెంతులు ఆహారంగా మంచివే గాని మందు మాన్పించేవి కావు. ఇన్సులిన్ సూది రాశారంటే "ఇక చివరి దశ" అని భయపడకండి. 1922లో మొదటిసారి ఇన్సులిన్ అందుకున్నవాడు టొరంటోలో 14 ఏళ్ళ పిల్లవాడు. ఆ మందు లేని రోజుల్లో అటువంటి పిల్లలు బ్రతికేవారు కారు. ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 - 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు. పాలను చల్లగా కాపాడే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

మన వృత్తిలో మరో చిక్కు ఉంది. కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మందు వేసుకుని, తినకుండా పాకలోకి వెళితే షుగరు 70 కంటె తగ్గిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక - ఇవి గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలలో తగ్గకపోతే మరొకసారి తాగి, తరువాత ఆహారం తీసుకోవాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. పితికే వేళను, మందు వేళను డాక్టరుకు చెప్పి సర్దుబాటు చేయించుకోండి. చొక్కా జేబులో చిన్న పంచదార పొట్లం ఉంచుకోండి.

కాళ్ళు జాగ్రత్త

పాకలో, చేలో, చెరువుగట్టు మీద చెప్పులు లేకుండా తిరగటం మన అలవాటు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పేడలో, బురదలో ఆ చిన్న గాయం చీము పట్టి వేలు తీసేయవలసిన స్థితికి రావచ్చు. అందుకని పాకలోకి సైతం పాదరక్షలతో వెళ్ళండి. రోజూ సాయంత్రం కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, అరికాలు చూసుకోండి. కనపడకపోతే ఇంట్లోవారిని చూడమనండి. ఏడాదికొకసారి కంటిలోపలి పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, పాదాల పరీక్ష తప్పక చేయించండి.

ఇంటిల్లిపాదీ

జబ్బును దాచుకునేవారు కొందరున్నారు. పిల్లకు సంబంధం చెడిపోతుందనో, నలుగురిలో చులకన అవుతామనో వారి భయం. దాచిన జబ్బుకు పథ్యం కుదరదు. పెళ్ళి భోజనంలో "ఈ ఒక్కటీ వేసుకోండి" అని బలవంతం చేసేవారికి నవ్వుతూ "షుగరండీ" అని చెప్పగలగటమే సగం వైద్యం. ఇక ఇల్లాలికి షుగరు వచ్చినప్పుడు ఆమె సంగతి ఎవరికీ పట్టదు. అందరికీ వడ్డించి, మిగిలిన అన్నం పారేయలేక తానే తింటుంది. ఆమె మందు వేళ, భోజనం వేళ గుర్తుంచుకోవలసిన బాధ్యత భర్తది, పిల్లలది. ఒకరికోసం వేరే వంట కాకుండా ఇంటిల్లిపాదీ ఆ కొలతే తింటే, అదే వంశంలోని పిల్లలకూ రక్షణ.

మన సంఘం ఏం చేయగలదు?

తెల్లవారి పాలు పోయటానికి వచ్చే సభ్యులలో ఇంకా ఏమీ తినకుండా, కాఫీ అయినా తాగకుండా వచ్చేవారు చాలామంది. పరగడుపు పరీక్షకు అంతకంటె మంచి సమయం దొరకదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని సంప్రదించి, ఏడాదికి ఒక్క ఉదయం పాలకేంద్రం దగ్గరే 30 ఏళ్ళు దాటిన సభ్యులందరికీ, వారి భార్యలకు, భర్తలకు పరీక్ష ఏర్పాటు చేయవచ్చు. పాలు కొలవటానికి పట్టినంత సేపు చాలు. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ విషయాన్ని అజెండాలో చేర్చవలసినదిగా పాలకవర్గాలను కోరుతున్నాం. జబ్బు ఉండీ తెలియని ఆ సగం మందిలో మన సంఘ సభ్యులెవరూ మిగిలిపోకూడదు.