192 చక్రాల మీద బుద్ధుడు

పిల్లలూ, మనలో చాలామందికి సామాను లారీ కొత్త కాదు. రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ ఉత్తర్వు వస్తుంది, అట్టపెట్టెలు వస్తాయి, బీరువా మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటుంది, ఎవరో ఒకరు "కొంచెం ఎడమకి, ఇంకొంచెం ఎడమకి" అని అరుస్తారు. ఆ బీరువా బరువు మహా అయితే వంద కిలోలు. ఇప్పుడు మనం తెలుసుకోబోయేది మూడు వందల టన్నులు దాటిన ఒకే ఒక్క రాయి ప్రయాణం గురించి. దాన్ని విడదీసి పట్టుకెళ్లి మళ్లీ బిగించడానికి వీల్లేదు. వెళ్తే మొత్తం ఒక్కసారే వెళ్లాలి.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మధ్య నిలబడ్డ బుద్ధుణ్ణి మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివాళ్లు సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్తూ చూడవచ్చు. అది 58 అడుగుల ఏకశిలా విగ్రహం. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తలపెట్టిన పని. గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కారు. రాయి దొరికింది భువనగిరి దగ్గరి రాయగిరిలో. అక్కడి నుంచి హైదరాబాదుకు దాదాపు 60 కిలోమీటర్లు. మనం కారులో వెళ్తే గంటన్నర పడుతుంది. బుద్ధుడికి మాత్రం 192 చక్రాల ట్రైలర్ కావలసి వచ్చింది. ఆయన కోసం రోడ్లు వెడల్పు చేశారు.

అన్ని చక్రాలు ఎందుకు? ఒక లెక్క చేద్దాం. విగ్రహం బరువు కనీసం 300 టన్నులు అనుకుంటే, 192తో భాగిస్తే ఒక్కో చక్రానికి ఒకటిన్నర టన్నుకు కాస్త ఎక్కువ వస్తుంది. ట్రైలర్ సొంత బరువు కలుపుకున్నా రెండు టన్నుల చుట్టుపక్కలే ఉంటుంది. ఇప్పుడు మామూలు లారీని చూడండి. నాలుగు టైర్లున్న ఒక ఇరుసు మీద 11.5 టన్నుల వరకు మోయవచ్చని 2018లో మన ప్రభుత్వం అనుమతించింది. అంటే టైరుకు దాదాపు 2.9 టన్నులు. మన వీధిలోంచి రోజూ పోయే లారీ టైరు, బుద్ధుణ్ణి మోసిన టైరు కంటే రోడ్డును గట్టిగా నొక్కగలదన్నమాట! ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు ఏ ఊరి బడిలోనైనా తరగతి ఒక్క క్షణం నమ్మదు. మళ్లీ భాగించి చూస్తారు.

అయితే చక్రాలు పెంచగానే బరువు వాటంతట అదే సమానంగా పంచుకోదు. రోడ్డు మీద గుంత ఉందనుకోండి. గుంతలోకి దిగిన చక్రం గాలిలో వేలాడుతుంది, దాని వాటా బరువు పక్క చక్రాల మీద పడుతుంది. అక్కడే టైరు పగులుతుంది, లేదా ఇరుసు విరుగుతుంది. అందుకని ఇలాంటి ట్రైలర్లలో చక్రాల జతకూ పైనున్న వేదికకూ మధ్య నూనె నిండిన సిలిండర్ ఉంటుంది. ఒక గుంపులోని సిలిండర్లన్నిటినీ గొట్టాలతో కలుపుతారు. ఒక చక్రం గుంతలోకి దిగితే నూనె ఆ సిలిండర్‌లోకి వెళ్లి చక్రాన్ని కిందికి నెడుతుంది. మెరక వస్తే నూనె వెనక్కి వస్తుంది. గుంపులో ఒత్తిడి మాత్రం అంతటా ఒకటే. సైన్సు పుస్తకంలో పాస్కల్ సూత్రం చదివిన పెద్ద తరగతులవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. చదవని చిన్నవాళ్లు రెండు సిరంజిలను సన్నని గొట్టంతో కలిపి నీళ్లు పోసి నొక్కి చూడండి. సూదులు తీసేసి సుమా.

మరి చక్రానికి పడే బరువు తక్కువే అయితే వంతెన దగ్గర ఎందుకు భయపడతారు? రోడ్డుకు కింద నేల ఉంది. ఒక్కో చక్రం కింద ఉన్న నేల ఆ చక్రం బరువును మోస్తుంది. వంతెన అలా కాదు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా గాలిలో ఉన్న భాగం, తన మీద ఉన్న చక్రాలన్నిటినీ ఒకేసారి మోయాలి. అందుకే భారీ ట్రైలర్ వంతెన ఎక్కేముందు ఇంజనీర్లు పరీక్షించి అనుమతి ఇస్తారు. ఇంకే బండినీ ఎక్కనివ్వరు. ట్రైలర్ సరిగ్గా మధ్యలోంచి నడక వేగంతో పోవాలి. మధ్యలో బ్రేకు వేయకూడదు, ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు వంతెనకు అదనంగా ఒక తోపు తగులుతుంది. పాత వంతెన తట్టుకోదనిపిస్తే వాగులో తూములు పరచి, పైన మట్టి పోసి పక్కనుంచి తాత్కాలికంగా దారి వేస్తారు. వానాకాలం రాకముందే దాటాలి మరి.

వంతెనకు వర్తించే మాట నీటికీ వర్తిస్తుంది. బుద్ధుడు 1988లో క్షేమంగా హుస్సేన్ సాగర్ ఒడ్డుకు చేరాడు. ఇక మిగిలింది ఒడ్డు నుంచి చెరువు మధ్య పీఠం దాకా కొద్దిపాటి దూరం. 1990 మార్చి 10న విగ్రహాన్ని బార్జి మీదికి ఎక్కించి బయలుదేరారు. కొంచెం దూరం పోయేసరికి విగ్రహం జారి నీళ్లలో మునిగిపోయింది. దానితోపాటు పని చేస్తున్నవాళ్లు కొందరు ప్రాణాలు కోల్పోయారు. నేల మీద 60 కిలోమీటర్లు 192 చక్రాలు పంచుకున్న బరువును ఇక్కడ ఒక్క బార్జి మోయాలి. అది కొంచెం ఒరిగినా బరువు ఆ పక్కకే జరుగుతుంది, జరిగిన కొద్దీ ఇంకా ఒరుగుతుంది. విగ్రహం రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉంది. తర్వాత పైకి తీసి 1992 డిసెంబరు 1న పీఠం మీద నిలబెట్టారు. పడవ ఎక్కి చూడటానికి వెళ్లినప్పుడు ఎత్తు, బరువు చెబుతారు. ఆ పనివాళ్ల సంగతి కూడా పిల్లలకు చెప్పాలని మా అభిప్రాయం.

ఇంతదాకా బరువు గురించి చెప్పుకున్నాం. కొన్ని వస్తువులతో అసలు చిక్కు బరువు కాదు, పరిమాణం. తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి మహారాష్ట్ర నుంచి ఒక ఆటోక్లేవ్ వెళ్లింది. రాకెట్లలో వాడే తేలికైన మిశ్రమ పదార్థాల భాగాలను వేడితోనూ ఒత్తిడితోనూ గట్టిపరిచే పెద్ద పాత్ర అది. బరువు 70 టన్నులే, మన బుద్ధుడిలో నాలుగో వంతు కూడా లేదు. కానీ ఎత్తు 7.5 మీటర్లు, వెడల్పు 6.65 మీటర్లు. రెండు వరుసల రోడ్డు వెడల్పే 7 మీటర్లు! దాన్ని మోసిన బండికి 74 చక్రాలు, వెంట 32 మంది సిబ్బంది. 2019 జులైలో బయలుదేరి 2020 జులైలో చేరింది. దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. రోజుకు ఎంత నడిచిందో మీరే లెక్క కట్టండి. లాక్‌డౌన్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నెల రోజులు ఆగిపోయింది. ఇంటికి దూరంగా, కదలని బండి పక్కన ఆ 32 మంది. బదిలీ మీద కొత్త ఊరు వచ్చి క్వార్టర్సు దొరక్క అతిథి గృహంలో నెల గడిపినవాళ్లకు ఆ పరిస్థితి కొంచెం తెలుస్తుంది.

ఇలాంటి బండికి ముందు ఒక చిన్న బండి పోతుంది. దానికి సరుకు ఎత్తుకు సమానమైన కర్ర నిలువుగా కట్టి ఉంటుంది. కర్ర తగిలితే సరుకూ తగులుతుందన్నమాట. కరెంటు తీగ తగిలేలా ఉంటే విద్యుత్ శాఖవాళ్లు సరఫరా ఆపి తీగ ఎత్తుతారు లేదా విప్పుతారు. చెట్టు కొమ్మ అయితే కొడతారు. రైల్వే గేటు దగ్గర రైల్వేవాళ్ల అనుమతి కావాలి. ఊళ్లలో చాలాసార్లు రాత్రి పూటే కదులుతారు. ఘాటు రోడ్డులో దిగేటప్పుడు వెనక ఇంకో పుల్లర్ కట్టి లాగి పట్టుకుంటారు, ఎందుకంటే ఇంత బరువును కదిలించడం కంటే ఆపడం కష్టం. డ్రైవర్లు లాగే బండిని పుల్లర్ అనీ, ఇలాంటి సరుకును ఓడీసీ అనీ అంటారు.

జాతీయ రహదారి మీద మీ బస్సు ఎప్పుడైనా ఓడీసీ వెనక చిక్కుకుంటే చక్రాలు లెక్కపెట్టండి. పక్కనుంచి చూస్తే వరుసకు ఒక్కటే కనిపిస్తుంది. ఇలాంటి ట్రైలర్లలో సాధారణంగా వరుసకు ఎనిమిది టైర్లుంటాయి, ఇటు నాలుగు, అటు నాలుగు. వరుసలను ఎనిమిదితో గుణించండి. పుల్లర్ చక్రాలు ఆ లెక్కలోకి రావు.