మార్కులు చూసి కంప్యూటర్ కొనవచ్చా?

వరి పండించే రాయ్‌పూర్ ప్రాంతంలో రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం లాంటి చోట ప్రయోగ మడిలో ఒక వంగడం ఇచ్చే దిగుబడి వేరు, తన పొలంలో అదే వంగడం ఇచ్చే దిగుబడి వేరు. మొదటి లెక్క అబద్ధం కాదు. నేల, నీరు, ఎరువు సమానంగా ఉంచితేనే రెండు వంగడాల మధ్య అసలు తేడా శాస్త్రవేత్తకు కనబడుతుంది. రైతు ప్రశ్న మాత్రం వేరు: నా పొలంలో ఏది వేయాలి? కంప్యూటర్ల వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్‌ల విషయంలోనూ ఈ రెండు ప్రశ్నలే ఉన్నాయి.

బెంచ్‌మార్క్ సూట్ అంటే

కొన్ని ప్రోగ్రాములను ఎంపిక చేసి, ఒకే నియమాలతో వేర్వేరు యంత్రాలపై నడిపి చూసే పరీక్షల సముదాయమే బెంచ్‌మార్క్ సూట్. 1988లో ఏర్పడిన స్పెక్ సంస్థ మరుసటి ఏడాది 10 ప్రోగ్రాములతో తన తొలి సూట్‌ను విడుదల చేసింది. ఒక్కో ప్రోగ్రాముకు ఆధార యంత్రం తీసుకున్న సమయాన్ని, పరీక్షించే యంత్రం తీసుకున్న సమయంతో భాగిస్తారు. అలా వచ్చిన 10 నిష్పత్తుల గుణమధ్యమమే ఆ యంత్రం మార్కు.

ఒక్క ప్రోగ్రాము చేసిన మాయ

ఆ పదింటిలో మాట్రిక్స్300 ఒకటి. దాని సమయమంతా దాదాపు ఒకే ఒక్క పంక్తి కోడ్‌పై గడిచేది. కంపైలర్ రచయితలు ఆ పంక్తిని పట్టుకున్నారు. ఒక ఐబీఎం యంత్రంపై దాని వేగం సుమారు 9 రెట్లు పెరిగింది. మిగతా తొమ్మిది ప్రోగ్రాముల్లో ఏ మార్పూ లేదనుకుందాం. 9కి పదో మూలం దాదాపు 1.25. అంటే మొత్తం మార్కు 25 శాతం పెరుగుతుంది. మాత్రికల గుణకారం అవసరం లేని కొనుగోలుదారుకు దక్కేది మాత్రం సున్నా. 1992 సూట్ నుంచి ఆ ప్రోగ్రామును తొలగించారు.

ఎవరికి ఏది?

పరిశోధకుడికి కావలసింది ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ కలిసి తెచ్చిన పార్సెక్ సూట్‌లో వీడియో కుదింపు, ద్రవాల కదలిక వంటి భిన్నమైన పనులున్నాయి. సోర్స్ కోడ్ అందుబాటులో ఉంటుంది కాబట్టి ఆలస్యం ఎక్కడ జరుగుతోందో విప్పి చూడవచ్చు. ఇక్కడ ఒక్కో ప్రోగ్రాము ఫలితమూ విడిగా ముఖ్యమే.

కొనేవారికి కావలసింది ‘ఏది’ అన్న ప్రశ్నకు జవాబు. డేటాబేస్ వ్యవస్థల కోసం రూపొందిన టీపీసీ-సీ పరీక్షలో వేగంతో పాటు వ్యవస్థ ధర కూడా ప్రకటించాలి. స్వతంత్ర ఆడిటర్ దాన్ని తనిఖీ చేయాలి.

పరీక్ష మారితే మార్కు ఎంత మారుతుందో సూపర్ కంప్యూటర్లలో చూడండి. 2020 నవంబరులో జపాన్ వారి ఫుగాకు లిన్‌ప్యాక్ పరీక్షలో 442 పెటాఫ్లాప్స్ సాధించి ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. మన పరమ్ సిద్ధి-ఏఐ 63వ స్థానం పొందింది కూడా ఆ జాబితాలోనే. కానీ జ్ఞాపకశక్తి నుంచి డేటా తెచ్చుకునే వేగంపై ఎక్కువగా ఆధారపడే హెచ్‌పీసీజీ పరీక్షలో అదే ఫుగాకు వేగం 16 పెటాఫ్లాప్స్ మాత్రమే. రెండు అంకెలూ నిజమే.

కాబట్టి కళాశాలకో కార్యాలయానికో యంత్రాలు కొనేటప్పుడు మొత్తం మార్కు దగ్గర ఆగకండి. విడి ఫలితాల్లో మీ పనికి దగ్గరగా ఉన్నది ఏదో వెతకండి. వీలైతే మీరు రోజూ వాడే ప్రోగ్రామును, మీ సొంత డేటాతో, కొనే ముందే దానిపై నడిపించి చూడండి. మీ పొలంలో పంట ఎలా వస్తుందో అప్పుడే తెలుస్తుంది.