నిప్పురవ్వకూ వేళ ఉంది

ఉయ్యాల ఊపడం అందరికీ తెలుసు. ఉయ్యాల మన దగ్గరకు వచ్చి, వెనక్కి మళ్లే క్షణంలో తోయాలి. అప్పుడు చిన్న తోపు చాలు. ఎదురొస్తుండగా తోస్తే చేతికి దెబ్బ. దూరం పోయాక తోస్తే తోపు వృథా. కారు ఇంజను సంగతి కూడా ఇంతే.

అంబాసిడర్ కారును చాలామంది చూసే ఉంటారు. ఇది పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారయ్యేది. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా కొన్ని పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి.

ఇంజనులో ఏం జరుగుతుంది?

పాత పెట్రోలు అంబాసిడర్‌లో 1489 సి.సి. ఇంజను ఉంటుంది. దానికి నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరులో ఒక్కో పిస్టను రోకలిలా పైకీ కిందికీ ఆడుతుంది. పైకి వస్తూ గాలినీ, పెట్రోలు ఆవిరినీ కలిపి నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఆవిరి మండి పిస్టనును కిందికి తోస్తుంది. ఆ తోపుతోనే బండి కదులుతుంది.

పొయ్యి అంటించగానే మంట అందుకోదు కదా! ఇక్కడా అంతే. అందుకే పిస్టను పైకి చేరడానికి కాస్త ముందే రవ్వ పుట్టాలి. ఈ వేళనే 'టైమింగు' అంటారు. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే, నాలుగు ప్లగ్గుల్లో కలిపి సెకనుకు 100 రవ్వలు పుడతాయి. ఏ ప్లగ్గుకు ఎప్పుడు రవ్వ అందాలో చూసేది డిస్ట్రిబ్యూటరు.

వేళ తప్పితే గుర్తులేమిటి?

రవ్వ ఆలస్యమైతే బండి లాగదు. ఇంజను వేడెక్కుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. సైలెన్సరులో డబ్ డబ్ మని మోగవచ్చు.

రవ్వ మరీ ముందైతే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనులో టకటకమని ఇనుప చప్పుడు వస్తుంది. స్టార్టు చేసేటప్పుడు ఇంజను ఎదురు తన్నుతుంది. అలాగే నడిపితే పిస్టన్లు పాడవుతాయి.

అయితే ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు. రేడియేటరులో నీళ్లు తగ్గినా ఇంజను వేడెక్కుతుంది. నాసి పెట్రోలు పోసినా టకటక వస్తుంది.

గాజులు చేతికే ఉన్నాయి

ఒక కుటుంబం పాత అంబాసిడర్‌ను పెళ్లిళ్లకు బాడుగకు తిప్పుతోంది అనుకుందాం. బండి ఎత్తు ఎక్కడం లేదు. ఒక షెడ్డులో "ఇంజను దింపాలి" అన్నారు. అంత డబ్బు ఇంట్లో లేదు. ఇల్లాలి గాజులు తాకట్టు పెడదామని భర్త అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇంకో మెకానిక్కును పిలిపించింది.

"ఎప్పటినుంచి ఇలా ఉందక్కా?"

"ఒక్కరోజులో రాలేదన్నా. మెల్లమెల్లగా బలం తగ్గింది. ఇదిగో, పుస్తకంలో రాసిపెట్టాను. ఏ రోజు ఎంత పెట్రోలు పోశామో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడు."

"మంచి పని చేశావక్కా. ముందు పాయింట్లు చూద్దాం. ఇంజను సంగతి తర్వాత."

డిస్ట్రిబ్యూటరు మూత తీశాడు. లోపల పాయింట్లు అనే రెండు చిన్న బిళ్లలు కలుస్తూ, విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే రవ్వ పుడుతుంది. వాటిని కదిపే చిన్న మడమ అరిగిపోయింది. దాంతో సందు తగ్గింది. సందు తగ్గితే రవ్వ ఆలస్యమవుతుంది. అతను సందు సరిచేసి, టైమింగు పెట్టాడు. బండి ఎత్తు ఎక్కింది. గాజులు చేతికే ఉన్నాయి.

ఏది ముందు, ఏది తర్వాత?

మొదట పాయింట్ల సందు చూడాలి. అది దాదాపు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. సందు మారితే టైమింగు కూడా మారుతుంది. అందుకే ఇది ముందు.

తర్వాత టైమింగు లైటు పెట్టాలి. దీన్ని ఒకటో ప్లగ్గు తీగకు తగిలిస్తారు. రవ్వ పుట్టినప్పుడల్లా లైటు మెరుస్తుంది. ఇంజను ముందున్న కప్పీ మీద గీత ఉంటుంది. ఆ గీత ఎక్కడికి వచ్చినప్పుడు రవ్వ పుడుతోందో ఆ వెలుగులో కనిపిస్తుంది. తేడా ఉంటే డిస్ట్రిబ్యూటరును కొద్దిగా తిప్పి బిగిస్తారు. ఎంత ఉండాలో కారు పుస్తకంలో ఉంటుంది.

చివరికి ఇంజను వేగం పెంచి చూడాలి. వేగంతోపాటు రవ్వ ఇంకా ముందుకు జరగాలి. గీత కదలకపోతే డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులు పట్టేసి ఉండవచ్చు. గీత నిలకడగా లేకుండా ఎగురుతుంటే డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి ఉండవచ్చు.

జాగ్రత్త! ఆ మెరుపులో తిరిగే కప్పీ, ఫ్యాను ఆగినట్టే కనిపిస్తాయి. నిజానికి అవి తిరుగుతూనే ఉంటాయి. చెయ్యి పెట్టవద్దు. కొంగు, జడ, పిల్లలు దూరంగా ఉండాలి. ప్లగ్గు తీగలు ముట్టుకుంటే షాకు కొడుతుంది.

డీజిలు బండికి ప్లగ్గు రవ్వ ఉండదు. ఈ పాఠం పాయింట్లు ఉన్న పెట్రోలు బండికే.

రోగం తెలియకుండా మందు వేయం. బండికీ అంతే. "పాయింట్లు చూశారా? టైమింగు చూశారా?" ఇంజను దింపే ముందు ఈ రెండు మాటలు అడగాలి. అడగడానికి మెకానిక్కే కానక్కరలేదు.

చెప్పండి, రాయండి

1. రవ్వ ఆలస్యమైతే కనిపించే గుర్తులు ఏవి?
2. పాయింట్ల సందు ముందుగా ఎందుకు చూడాలి?
3. ఆ ఇల్లాలు పుస్తకంలో ఏమేమి రాసింది? మీ ఇంట్లో ఏ లెక్క రాసుకుంటే మేలు?