పెరటిలో ఒంటరి ఈగలకు ఇల్లు – ఎట్టిదానిని ఎన్నుకొనవలయును?

బాన్సువాడ చుట్టుపట్ల నిజాంసాగరు కాలువల క్రింద వరియే ప్రధానమైన పంట. వరి పూతకు ఈగతో పనిలేదు. కాని గట్టుమీది కందికిని, పెరటిలోని గుమ్మడి, దోస, వంగలకును ఆ మాట చెల్లదు. గుమ్మడియందు మగపువ్వు వేఱు, ఆడపువ్వు వేఱు. నడుమ పుప్పొడి మోయునది లేనిచో పిందె పసుపుబారి రాలిపోవును. ఈ కారణముచేత సంఘసభ్యులు కొందఱు బజారున అమ్మెడి ఈగల యిండ్లు కొనవచ్చునా యని నన్నడుగుచున్నారు. కొనుటకు ముందు ఈ నాలుగు మాటలు చదువగోరెదను.

తేనెటీగ యనగానే మనకు తుట్టె తోచును. తుట్టె కట్టక ఒంటరిగా బ్రతుకు ఈగల జాతులే లోకమున ఎక్కువ. వీనిలో రాణి లేదు, పనివాండ్రు లేరు. ఒక్క ఆడ ఈగయే సందు వెదకి, పుప్పొడిని మకరందముతో కలిపి ముద్దచేసి, దానిపై ఒక గ్రుడ్డు పెట్టి, అడ్డుగోడ కట్టి, మఱియొక గదికి మొదలుపెట్టును. గులాబి ఆకు అంచున గుండ్రముగా కోసిన ముక్క పోయినచో పురుగు పట్టినదని మందు చల్లువారు కలరు. అది ఆకు కత్తిరించు ఈగ పని. ఆ ముక్కలతోనే తన గదులకు గోడలు పెట్టుకొనును. వాసములు తొలుచు నల్లని తుమ్మెదయు ఈ కోవలోనిదే. వంగపువ్వును పట్టుకొని జుమ్మని అదరించి పుప్పొడి రాల్చు విద్య తుమ్మెదకు తెలియును. తుట్టె తేనెటీగకు తెలియదు.

కంది మాట చెప్పెదను. ఇది తన పుప్పొడితోనే కాయ పట్టగలదు, కాని ఈగలు వచ్చిన యెడల ఒక మొక్క పుప్పొడి మఱియొకదానికి చేరును. పటాన్‌చెరువునందు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు కందిపూతపై వ్రాలు కీటకములను పరిశీలించి, కొండ తేనెటీగలతోపాటు ఈ ఒంటరి ఈగలును ముఖ్యమైనవని గుర్తించిరి. 1991లో విడుదలయైన సంకర కంది ఐ.సి.పి.హెచ్. 8 విత్తనోత్పత్తియు ఈగలు పుప్పొడి మోయుటపైననే ఆధారపడినది. అయితే స్వంత విత్తనము దాచుకొను రైతు ఒక సంగతి మఱువరాదు: ప్రక్కచేనిలో వేఱు రకమున్నచో ఇదే ఈగ రెంటిని కలిపివేయును. విత్తనపు మడిని దూరముగా ఉంచుడు.

ఇక ఇంటి సంగతి. కొన్ని యేండ్ల క్రిందట నేనే యొక యిల్లు చేసి చెడితిని. రెండు ప్రక్కల తెఱచియున్న వెదురు గొట్టములను కట్టగట్టి వేపకొమ్మకు త్రాటితో వ్రేలాడదీసితిని. చూపునకు చక్కగానుండెను. గాలికి అది ఊగుచుండగా ఈగలు వచ్చి, చుట్టు తిరిగి, వెడలిపోయినవి. పిమ్మట దానిని గోడకు బిగించి, లోపల జరుగునది కనబడవలెనని గాజు గొట్టములు పెట్టితిని. మూడు నిండినవి. వానకాలము గడచునప్పటికి గాజులో చెమ్మ నిలిచి, ముద్దలు బూజుపట్టి, పిల్లలన్నియు చచ్చినవి. ఇల్లు కట్టితినని సంతసించితిని; నేను కట్టినది బోను. బజారు యిండ్లలో ప్లాస్టిక్ గొట్టములున్నచో అదే గతి.

గొట్టము వెనుకవైపు మూసియుండవలయును. వెదురు కణుపు ఆ పని తానే చేయును: కణుపునకు ఈవల ఆరంగుళములు ఉంచి కోసినయెడల వెనుకగోడ సిద్ధము. లోతు తగ్గరాదు. ఏలయనగా, ఆడపిల్లలు కాబోవు గ్రుడ్లను తల్లి లోపలి గదులలో పెట్టి, మగవానిని వాకిటి ప్రక్కన ఉంచును. గొట్టము పొట్టిదైనచో మగవే ఎక్కువగును; గూడు కట్టునది ఆడది గదా! రెండు మూడంగుళముల ముక్కలను జిగురుతో అతికించి, మిగిలిన చోట దేవదారు కాయలు కుక్కి అందముగా అమ్మునట్టివి పెక్కు చూచితిని. ఆ కాయలు సాలెపురుగులకు తప్ప దేనికి పనికివచ్చునో నాకు తెలియలేదు.

రంధ్రము పెన్సిలు దూరునంతది చాలును. కొంచెము సన్ననివి, కొంచెము లావువి కలిపి పెట్టుడు. అంచు పేళ్ళు రెక్కలను చించును గనుక ఉప్పుకాగితముతో రుద్దవలయును. రంగు, వార్నీషు, చెదల మందు తగిలిన కఱ్ఱ వలదు. ఇరువది ముప్పది గొట్టములకు మించిన పెద్ద యిల్లు కట్టవలదు. ఈగలన్నియు ఒక్కచోట చేరినచో వాని గ్రుడ్లపై తమ గ్రుడ్లు పెట్టు దొంగ కీటకములును అక్కడనే చేరును. రెండు చిన్నవి వేఱువేఱు గోడలకు బిగించుట మేలు. మొగము తూర్పునకు, ఎత్తు మనిషి ఛాతీవఱకు, పైన వాన పడకుండ ముందుకు చాచిన చూరు ఉండవలెను. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగులరాదు. మన వైశాఖపు ఎండకు పిల్లలు లోపలనే మాడును. కంబముపై నిలిపినచో చీమలు ఎక్కకుండ మొదట గ్రీజు పూయుడు.

ఇన్ని చేసి, కంది పూతలో ఉన్నపుడు పట్టపగలు మందు కొట్టినచో ఫలము లేదు. తుట్టెలో వంద ఈగలు చచ్చినను మిగిలినవి పని చేయును. ఇక్కడ తల్లి ఒక్కతె. అది చచ్చిననాడు ఆ గూడు అంతటితో నిలిచిపోవును. శనగపచ్చ పురుగునకు మందు తప్పనిసరియైనచో ఈగలు ఇల్లు చేరిన పిమ్మట, సాయంకాలము కొట్టుడు. ప్రక్కచేని రైతుతోను ముందుగా మాటాడుకొనుడు.

కంది పూతకు ఒక మాసము ముందే ఇల్లు పెట్టవలయును. వాకిలి మట్టితోనో ఆకుతోనో మూసియున్న గొట్టమును కదల్పరాదు. ఆ మూతకు చిన్న రంధ్రము పడినచో పిల్లలు బయటికి వచ్చుచున్నవని తెలియవలెను. అన్నియు వెడలువఱకు కొన్ని వారములు ఆగి, ఆ గొట్టమును తీసి కాల్చి, క్రొత్తది పెట్టుడు.