వైద్యుని అజాగ్రత్తకు నష్టపరిహారము

విత్తుల సంచి విప్పునప్పుడు దానిపైనున్న చీటిని పారవేయవద్దనియు, కొన్న రసీదును పంట ఇల్లు చేరువరకు భద్రపరుపవలెననియు ఇరువది సంవత్సరములుగా నేను గ్రామగ్రామమున చెప్పుచున్నాను. మొలక రాకున్నను, చెప్పిన రకము కాకున్నను ఆ రెండు కాగితములే రైతునకు సాక్షులు. ఆంధ్రప్రదేశమున నాసి విత్తనములు కొని నష్టపోయిన రైతుల వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు 2012వ సంవత్సరమున తీర్పు చెప్పుచు, రైతు కూడ వినియోగదారుడే యనియు, వినియోగదారుల న్యాయస్థానమున పరిహారము కోరుటకు అతనికి హక్కు కలదనియు నిర్ణయించిరి. ఈ సంగతి మన సంఘ సభ్యులలో పలువురెరుగుదురు. అయితే విత్తనము విషయమున తెరచిన ఆ ద్వారమే వైద్యము విషయమునను తెరచియున్నదని ఎరిగినవారు కొలదిమంది.

నా బోధలోని ఈ లోటు నాకు ఒక రైతు ఇంట తెలిసివచ్చినది. ఆయన భార్య గట్టుమీద జారిపడి కుడి మణికట్టు విరుగగొట్టుకొనెను. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కట్టు వేసిరి. ఆ రాత్రియే వ్రేళ్లు వాచి నల్లబడెను, నొప్పి దుర్భరమాయెను. మరునాడు పోయి చెప్పగా, కట్టు విప్పి చూడకయే మాత్రలిచ్చి పంపిరి. మూడవనాడు వేరొక ఆసుపత్రికి చేరునప్పటికి ఆలస్యమైపోయినది. నేడామె ఆ చేతితో నారు పీకజాలదు, కొడవలి పట్టజాలదు. నేను కాగితములు చూపుమని అడిగితిని. ఆయన వాసమునకు గ్రుచ్చియుంచిన తొమ్మిది సంవత్సరముల విత్తనపు చీట్లను తెచ్చి నాముందు పెట్టెను. భార్య చికిత్సకు సంబంధించిన కాగితము ఒక్కటియు లేదు. "మీరు విత్తనపు చీట్లు దాచమన్నారు, దాచినాను. ఇవి దాచమని ఎవరు చెప్పినారండీ?" అనెను. నాకు బదులు తోచలేదు. అప్పటికే రెండు సంవత్సరముల గడువు దాటియుండెను. ఆ లోటును కొంతయైన పూడ్చుటకే ఈ పాఠము వ్రాయుచున్నాను.

అజాగ్రత్త యననేమి?

మొదట ఒక మాట స్పష్టముగా గ్రహింపవలెను. రోగి చనిపోయినంతమాత్రమున, రోగము కుదరనంతమాత్రమున వైద్యునిది తప్పు కాదు. సకాలమున దున్ని, ఎరువువేసి, నీరుపెట్టిన రైతు పంట తుపానులో పోయినచో ఆ రైతును నిందింపము గదా! ఆ విద్య నేర్చిన సామాన్య వైద్యుడు ఆ పరిస్థితిలో చూపవలసిన జాగ్రత్తను చూపకపోవుటయే అజాగ్రత్త. రెండు చికిత్సామార్గములున్నప్పుడు ఒకదానిని ఎన్నుకొనుట తప్పు కాదు. సుప్రీంకోర్టువారు 2005వ సంవత్సరమున ఒక వ్యాజ్యములో ఈ కొలతనే స్థిరపరచిరి. వైద్యుని నేరస్థునిగా శిక్షింపవలెనన్న అజాగ్రత్త మిక్కిలి ఘోరమైనదై యుండవలెననియు అదే తీర్పున చెప్పిరి. కావున పోలీసు కేసు వేరు, పరిహారపు వ్యాజ్యము వేరు. కుటుంబమును నిలబెట్టు సొమ్ము కావలసినవారు రెండవదానిని మరువరాదు.

తీర్పులు నేర్పు పాఠములు

డబ్బు తీసికొని చేయు వైద్యము 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టువారు 1995వ సంవత్సరమున నిర్ణయించిరి. కొందరికి ఉచితముగను, కొందరికి సొమ్ముకును వైద్యము చేయు ఆసుపత్రియైనచో, ఉచితముగా చేయించుకొన్నవారును ఫిర్యాదు చేయవచ్చును. రోగి తరఫున బీమా కంపెనీ సొమ్ము చెల్లించినను హక్కు పోదు. ఆ చట్టము స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. దానిక్రిందను వైద్యసేవ చేరియే యున్నది.

హైదరాబాదులో 1990వ సంవత్సరమున ఇంజనీరింగు చదువుచున్న ఒక యువకునికి ఛాతీలోని గడ్డకు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స చేసిరి. దాని తరువాత అతని నడుము క్రింది భాగము చచ్చుపడెను. ముందు జరుపవలసిన పరీక్షలు జరుపలేదనియు, నరముల శస్త్రవైద్యుని తోడు తీసికొనలేదనియు, సమ్మతి పొందిన దొక పని, చేసినది మరియొక పని యనియు తేలినది. జాతీయ కమిషనువారు 1999లో ఇప్పించిన పదిహేనున్నర లక్షల పరిహారమును సుప్రీంకోర్టువారు 2009లో కోటి రూపాయలకు పెంచి, వడ్డీకూడ ఇప్పించిరి. జీవితాంతము అతనికి కావలసిన పరిచారకుల వ్యయమును, మందుల వ్యయమును, పోయిన సంపాదనను లెక్కించిరి. పరిహారము కోరువారు ఖర్చైన సొమ్మునేగాక, ముందు కాబోవు ఖర్చును కూడ లెక్క వ్రాసి చూపవలెనని దీనివలన నేర్చుకొందము.

హైదరాబాదునకే చెందిన మరియొక వ్యాజ్యమున, మలేరియా శాఖలో పనిచేయు ఉద్యోగి భార్యకు చలిజ్వరము రాగా, టైఫాయిడునకు వైద్యము చేసిరి, ఆమె మరణించెను. జిల్లా ఫోరమువారు రెండు లక్షలిప్పింపగా, నిపుణుని సాక్ష్యము లేదని పైవారు త్రోసివేసిరి. సుప్రీంకోర్టువారు 2010లో ఆ రెండు లక్షలను మరల నిలబెట్టి, ప్రతి వ్యాజ్యమునందును నిపుణుని సాక్ష్యము అవసరము కాదని చెప్పిరి. తప్పు స్వయముగా కనబడునప్పుడు కాగితములే చాలును. చిక్కైన విషయములందు మాత్రము వేరొక వైద్యుని అభిప్రాయము సంపాదించుట మేలు.

ఒక విధానమున మాత్రమే అర్హత గలవాడు మరియొక విధానపు మందులిచ్చుటయే అజాగ్రత్త యని 1996వ సంవత్సరమున తీర్పైనది. హోమియోపతి వైద్యుడు ఇంగ్లీషు మందులిచ్చిన ఆ వ్యాజ్యమున మృతుని భార్యకు మూడు లక్షలిప్పించిరి. ఏ అర్హతయు లేనివానిచేత సూది వేయించుకొను మన గ్రామస్థులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

అందరికిని పూర్తిగా ఉచితమైన ప్రభుత్వాసుపత్రి సంగతియేమి? అట్టిదానిపై వినియోగదారుల కమిషనునకు పోరాదు. కాని సివిలు కోర్టు ద్వారము మూయబడలేదు. హర్యానాలో ఏడుగురు బిడ్డల తల్లియగు ఒక పేద కూలిస్త్రీకి 1988లో ప్రభుత్వాసుపత్రియందు పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేసిరి. నాళములు రెండుండగా ఒకదానికి మాత్రమే చేసి, రెండవదానిని విడిచిరి. ఆమె మరల గర్భవతియాయెను. కోర్టులో 54,000 రూపాయలకు వడ్డీతో డిక్రీ పొందెను. 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టువారు దానిని స్థిరపరచి, తన వైద్యుల అజాగ్రత్తకు ప్రభుత్వమే బాధ్యురాలనిరి. కూలిస్త్రీ చేయగలిగినది మనము చేయలేమా?

ఫిర్యాదు చేయు పద్ధతి

1. చికిత్సకు చెల్లించిన సొమ్ము 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవలెను. మన రైతుల వ్యాజ్యములు దాదాపు అన్నియు ఇచ్చటివే. ఆసుపత్రి ఎచ్చటనున్నను, మీరు నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును.

2. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైనచో ఫీజు లేదు. ప్లీడరు తప్పనిసరి కాదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా ప్లీడరును ఏర్పాటు చేయును. సలహాకు 1915 నంబరునకు టెలిఫోను చేయవచ్చును.

3. గడువు రెండు సంవత్సరములు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము కమిషనునకు కలదు. కాని దానిని నమ్ముకొని కూర్చుండరాదు. రోగి మరణించినచో వారసులు ఫిర్యాదు చేయవచ్చును.

4. మందులచీటి, రక్తపరీక్షల కాగితములు, ఎక్సురేలు, డిశ్చార్జి పత్రము, ప్రతి రసీదు దాచవలెను. ఎవరైన అడిగినచో నకలిచ్చి, అసలు మీయొద్దనే యుంచుకొనుడు. ఏ దినమున ఏ గంటకు ఏమి జరిగినదో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు.

5. ఆసుపత్రిలోని చికిత్సా వివరముల నకలు కావలెనని వ్రాతమూలముగా అడుగుడు. అందినట్లు సంతకము పొందుడు, లేదా స్పీడుపోస్టులో పంపుడు. అడిగిన 72 గంటలలో ఈయవలెనని వైద్యవృత్తి నియమములు చెప్పుచున్నవి. చికిత్స ప్రారంభించిన నాటినుండి మూడు సంవత్సరములు వాటిని వారు భద్రపరుపవలెను.

6. రాష్ట్ర వైద్యమండలికి కూడ ఫిర్యాదు చేయవచ్చును. ఆ మండలి వైద్యుని పేరును పట్టికనుండి తొలగింపగలదు. సొమ్ము మాత్రము ఇప్పింపలేదు.

రెండు హెచ్చరికలు

బిడ్డ పోయిన దుఃఖములో ఆసుపత్రి అద్దములు పగులగొట్టుట, వైద్యుని కొట్టుట నేరము. న్యాయము కోరవలసినవాడే ముద్దాయి యగును. అట్లే, ఆ రాత్రియే పదిమంది పెద్దలు చేరి కొంత సొమ్ము చేతబెట్టి, ఇక ఏ తగాదాయు లేదని కాగితము వ్రాయించుకొనుట కలదు. చదువకుండ, ప్లీడరునడుగకుండ దానిపై వ్రేలిముద్ర వేయరాదు.

వ్యాజ్యము త్వరగా ముగియునని నేను చెప్పజాలను. పైన చెప్పిన యువకునికి శస్త్రచికిత్స నాటినుండి చివరి తీర్పు వరకు 19 సంవత్సరములు పట్టెను. ఎంత సొమ్ము వచ్చినను పోయిన చేయి మరల రాదు. కాని నారునాటు కాలమున కూలి పెట్టుకొనుటకును, పిల్లల చదువు మానిపింపకుండుటకును ఆ సొమ్ము ఆధారమగును. సాగుచేసిన పైరులో కోతకు వచ్చినదంతయు మనది కాకపోయినను, విత్తకున్నచో గింజయు రాదు.

కావున సభ్యులందరు నేడే ఇంట ఒక సంచి కుట్టించి, విత్తనపు చీట్ల ప్రక్కనే మందుల చీట్లకును చోటు చేయుదురు గాక. చదువురానివారికి కాగితములు వరుసగా పేర్చి ఇచ్చుటకు, ఫిర్యాదు వ్రాసి పెట్టుటకు ప్రతి సంఘమునందును చదువుకొన్న యువకుడొకడు ముందునకు రావలెను. ఎరువుల లెక్క వ్రాయగలవానికి ఇది కష్టమైన పని కాదు.