పాత పికప్పు దీపాలు - విద్యుత్తు తిరుగుదారి

పాత పికప్పు ట్రక్కులలో ఒక వింత తరచుగా కనిపిస్తుంది. దీపాల స్విచ్చి వేయకపోయినా, బ్రేకు తొక్కగానే మీటర్ల వెనుక దీపాలు మసకగా వెలుగుతాయి. ఎడమ ఇండికేటరు వేస్తే కుడివైపు వెనుక దీపం కూడ మిణుకుమిణుకుమంటుంది. యజమాని మొదట బల్బు, పిమ్మట ఫ్యూజు, ఆ పిమ్మట స్విచ్చి మారుస్తాడు. డబ్బు పోతుంది గాని దోషం పోదు. ఈలోగా వెనుక వచ్చే వాహనానికి మనం ఆగుతున్న సంగతి సరిగా తెలియదు.

ఇంటి దీపానికి రెండు తీగలుంటాయి. వాహనంలో సాధారణంగా బ్యాటరీ ధన ధ్రువం నుండి వచ్చే తీగ ఒక్కటే దీపం దాకా వెళ్తుంది. తిరుగుదారి ఇనుప చట్రమే. మన ఊళ్ళ మెకానిక్కులు దీనిని ఎర్త్ అంటారు, అమెరికాలో గ్రౌండు అంటారు. రబ్బరు చక్రాల మీద నిలిచిన బండికి నిజానికి భూమితో ఏ సంబంధమూ లేదు! పికప్పులో ఈ తిరుగుదారి అతుకుల బొంత వంటిది. క్యాబు రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. వెనుక తొట్టిని వేరుగా చట్రానికి బోల్టులతో బిగిస్తారు. దీపపు డొప్పను ఆ తొట్టికి మరలతో బిగిస్తారు. మంచు కురిసే రాష్ట్రాలలో రోడ్లపై చల్లే ఉప్పు ఈ సందులలోనికే చేరి తుప్పు పట్టిస్తుంది.

ఇప్పుడు ఆ వింతకు కారణం చూద్దాం. వెనుక దీపాలలో విరివిగా వాడిన 1157 రకపు బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి: రాత్రి దీపానికి సుమారు 8 వాట్లది, బ్రేకుకు సుమారు 27 వాట్లది. రెండింటికీ తిరుగుదారి ఒకటే, బల్బు ఇత్తడి తొడుగు. అక్కడ ఎర్త్ తెగితే బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన విద్యుత్తు చిన్న ఫిలమెంటులోనికి ఎదురుగా ప్రవేశించి, రాత్రి దీపాల తీగను పట్టుకొని, ఆవలి వైపు దీపం ద్వారా, మీటర్ల దీపాల ద్వారా చట్రాన్ని చేరుతుంది. దారి మూసిన నీరు పక్క బోదెలో పడినట్లన్నమాట. ఒకే ఫిలమెంటు గల 1156 బల్బును ఆ హోల్డరులో బలవంతంగా దూర్చినా దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కనుక ముందు బల్బు అంకె చదవడం మంచిది.

ఎర్త్ పూర్తిగా తెగనక్కరలేదు. బ్రేకు ఫిలమెంటు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 6 ఓములు. తుప్పు మరొక్క ఓము చేర్చిందనుకొందాం. 12.8 వోల్టులలో సుమారు 1.8 వోల్టులు తుప్పు దగ్గరే ఖర్చవుతాయి. నష్టం ఏడవ వంతే గదా అనిపిస్తుంది. కాని ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజి 3.4వ ఘాతాన్ని అనుసరించి తగ్గుతుంది. అందువలన మిగిలే వెలుగు అయిదింట మూడు వంతులే.

దీనిని కనుగొనడానికి ఓమ్ మీటరును నమ్మరాదు. పది పోగులలో ఒక్కటే మిగిలిన తీగ కూడ ఆ మీటరుకు నిక్షేపంగా కనిపిస్తుంది. దీపం వెలిగించి ఉంచి, వోల్టుమీటరు ఒక కొనను హోల్డరు లోహపు తొడుగుకు, మరొక కొనను బ్యాటరీ రుణ ధ్రువానికి తాకించాలి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్లే. అంతకు మించితే తొడుగు నుండి డొప్పకు, తొట్టికి, చట్రానికి కొనను జరుపుకొంటూ పోవాలి; ఎక్కడ అంకె పడిపోతుందో, దానికి ముందరి అతుకే దోషి.

హెడ్‌లైట్ల సంగతి కొంత వేరు. అనేక పాత అమెరికను పికప్పులలో రిలే ఉండదు. రెండు దీపాల 6 నుండి 10 ఆంపియర్లూ డాష్‌బోర్డు స్విచ్చి గుండానే పోతాయి. ఏళ్ళ తరబడి వేడెక్కి ఆ స్విచ్చి ప్లగ్గు కరగడం సర్వసాధారణం. హెడ్‌లైట్లు హఠాత్తుగా ఆరి, కొద్ది సేపటికి తామే వెలిగితే, స్విచ్చిలోని సర్క్యూట్ బ్రేకరు వేడికి తెరుచుకొని చల్లారి మూసుకొంటున్నదని గ్రహించాలి. ఇక్కడ బ్యాటరీ ధన ధ్రువానికీ దీపపు ప్లగ్గుకూ మధ్య కొలవాలి. అర వోల్టు దాటితే రిలే అమర్చడం ఉత్తమం. పెద్ద ఫ్యూజు వేయడం మాత్రం తీగను కాల్చుకోవడమే.

బ్రేకుకూ ఇండికేటరుకూ ఒకే ఫిలమెంటు వాడే బండ్లలో లక్షణాలే దారి చూపుతాయి. ఇండికేటర్లు పనిచేస్తూ రెండువైపులా బ్రేకు దీపాలు లేకుంటే పెడలు వద్ద స్విచ్చిని, దాని ఫ్యూజును చూడాలి. ఒకవైపు రెండూ లేకుంటే ఆ బల్బును, హోల్డరును చూడాలి.

దోషం దొరికిన చోట రంగును, తుప్పును గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూయాలి. నా మటుకు నేను ప్రతి వెనుక హోల్డరు నుండి చట్రానికి ఒక వేరు రాగి తీగ వేయడమే మేలంటాను. ట్రైలరు కొరకు ఎవరో తీగను కోసి క్లిప్పులు తగిలించి ఉంటే వాటిని కూడ విప్పి చూడాలి. పైన ప్లాస్టిక్కు నిగనిగలాడుతున్నా లోపలి రాగి పచ్చని చిలుము పట్టి పొడిగా రాలుతుంది.