యాప్ నెత్తిన బాణం గుర్తు

మొబైల్ యాప్ తెరవగానే పైన ఒక పట్టీ కనిపిస్తుంది. ఎడమవైపు వెనక్కి పోయే బాణం, తర్వాత ఆ తెర పేరు, కుడివైపు ఒకటో రెండో బొత్తాలు. దీన్నే నావిగేషన్ బార్ అంటారు. చూడ్డానికి గుమ్మానికి కట్టిన తోరణంలా ఉంటుంది గనుక నాబోటి విద్యార్థులు ముందుగా దాని రంగులమీద పడతారు. నేనూ అలాగే పడ్డాను. దానివల్ల మా పెదనాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక మధ్యాహ్నం పడిన అవస్థే ఈ వ్యాసానికి ముడిసరుకు.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. పత్తీ, మిరపా తప్ప వేరే లోకం లేని ఇల్లు. టిక్కీలు కాటా వేసేటప్పుడు ఒక్కొక్కదాని తూకమూ పెదనాన్న బీడీకట్ట కాగితంమీద రాసుకునేవాడు. "ఇంత చదువు చదువుతున్నావు గదరా, దీనికేమన్నా చెయ్యరాదా?" అన్నాడు. ఆయనది ఆండ్రాయిడ్ ఫోను, అన్నయ్యది ఐఫోను. రెంటికీ విడివిడిగా రాసే ఓపిక లేక ఫ్లట్టర్ పట్టుకున్నాను. గూగుల్ వారు 2018 డిసెంబరులో దీని 1.0 కూర్పును విడుదల చేశారు. డార్ట్ అనే భాషలో ఒకసారి రాస్తే రెండు రకాల ఫోన్లమీదా నడుస్తుంది.

ఫ్లట్టర్‌లో ఈ పట్టీ పేరు యాప్‌బార్. అందులో లీడింగ్, టైటిల్, యాక్షన్స్ అని మూడు స్థానాలు. ఒక తెరమీద ఇంకో తెర తెరిస్తే లీడింగ్ చోట బాణం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆండ్రాయిడ్‌లో తోకతో, ఐఫోనులో తోక లేకుండా. పేరు ఆండ్రాయిడ్‌లో ఎడమకు, ఐఫోనులో నడిమికి ఉంటుంది. (కుడివైపు రెండో బొత్తాం పెట్టేసరికి ఐఫోనులో పేరు ఎడమకు జరిగింది. నా తప్పేననుకుని ఒక రాత్రంతా వెతికాను. బొత్తాలు రెండైతే అలా జరపాలని ఫ్లట్టర్‌లోనే రాసి ఉందట! సెంటర్‌టైటిల్‌కు ట్రూ అని ఇస్తే కుదురుకుంది.)

ఇక అసలు సంగతి. దాచని తూకాలుంటే తెర మూసేముందు యాప్ ఒక ప్రశ్న అడగాలి. అందుకోసం తెర మొత్తాన్ని పాప్‌స్కోప్‌లో చుట్టి, క్యాన్‌పాప్‌ను ఫాల్స్ చేశాను. (కొంచెం పాత పాఠాల్లో దీని బదులు విల్‌పాప్‌స్కోప్ కనిపిస్తుంది; కొత్తగా రాసేవారు దాన్ని వాడనక్కర్లేదు.) నా ఫోన్లో వెనక్కి నొక్కి చూశాను, ప్రశ్న వచ్చింది. సంతోషించాను. ఆ సంతోషంలో, ఉన్న బాణం బాగాలేదని తీసేసి, మిరపపండు రంగులో సొంత బాణం తయారుచేసి పెట్టాను. దాన్ని నొక్కి చూడలేదు.

యార్డునుంచి ఫోను వచ్చింది. "ఏందిరా అబ్బాయ్, ఆ ఎర్రబాణం నొక్కితే కాటాలన్నీ గల్లంతైనయ్!" ముప్పయ్యెనిమిది టిక్కీల తూకాలు. కాగితం ఆ రోజు ఇంట్లోనే వదిలి వెళ్లాడు, నామీది నమ్మకంతో. చేతికిచ్చిన చీటీని సరిచూసుకోవడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు.

తప్పు ఒక్క మాటలో ఉంది. ఫ్లట్టర్ ఇచ్చే బాణం నొక్కితే నావిగేటర్‌కు మేబీపాప్ అని చెబుతుంది, అనగా "వెళ్లవచ్చునా?" అని. అప్పుడే పాప్‌స్కోప్ అడ్డుపడగలదు. నా ఎర్రబాణం పాప్ అని రాసుకుంది. అనగా "వెళుతున్నాను" అని. అడ్డేమీ చూడకుండా తెర మూసేస్తుంది. ఫోను సొంత వెనక్కి బొత్తాం అడిగి పోతుంది గనుక నా పరీక్షలో లోపం బయటపడలేదు. బాణంలో పాప్ తీసేసి మేబీపాప్ పెట్టాను, అంతే.

ప్రశ్నకు "అవును" అన్నాక మాత్రం పాప్ అనే పిలవాలి. అప్పుడు పాప్‌స్కోప్ కబురు రెండోసారి వస్తుంది, డిడ్‌పాప్ ట్రూ అని. దాన్ని మొదటి వరుసలోనే చూసుకుని వెనుదిరగకపోతే మూసేసిన తెరమీద మళ్లీ ప్రశ్న వేయబోతుంది. ఇంకొకటి: క్యాన్‌పాప్ ఫాల్స్‌గా ఉన్నంతసేపూ ఐఫోనులో అంచునుంచి వేలితో లాగి వెనక్కి పోవడం కుదరదు. అప్పుడు పట్టీమీద బాణమే దారి, దాన్ని దాచకూడదు.

దాచే బొత్తానికి ఫ్లాపీ బొమ్మ పెడితే పెదనాన్న "ఇదేంది, రేడియోనా?" అన్నాడు. బొమ్మ తీసి "దాచు" అని రాశాను. బాణం బదులు కూడా "వెనక్కి" అని రాస్తే మాట రెండు ముక్కలై కింద పడింది. లీడింగ్‌విడ్త్ మామూలుగా 56 మాత్రమే; దాన్ని 96 చేస్తే సరిపోయింది. బొత్తాం తాకే చోటు 48కి తగ్గరాదని ఆండ్రాయిడ్ వారు, 44కి తగ్గరాదని ఆపిల్ వారు అంటారు. టిక్కీలెత్తిన చేతులకు అదీ చాలదని నేను 56 ఉంచాను. ఎండలో కనిపించని ఎరుపు కూడా పోయింది. ముదురాకుపచ్చమీద తెల్ల అక్షరాలు.

తర్వాతి కాటాకు పెదనాన్న ఫోనూ పట్టుకెళ్లాడు, బీడీకట్ట కాగితమూ పట్టుకెళ్లాడు. సగంలో కావాలనే "వెనక్కి" నొక్కి చూశాడట, "దాచని తూకాలున్నాయి, వెళ్లాలా?" అని అడిగిందట. ఇంటికొచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి లెక్క చూశాడు. తేడా రాలేదు. కాగితం మటుకు మడిచి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.